మా ఇంటి వన్స్‌మోర్

ఆ రోజుల్లో, చేతిలో మిగిలింది తగ్గేకొద్దీ మనిషి వీపు మరింత నిటారుగా నిలుస్తుందని నాకెవరూ చెప్పలేదు. చెప్పకపోయినా నా వీపు నిలిచే ఉండేది. ఖతార్‌కు వచ్చిన కొత్త. ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో స్టోర్ కీపర్ ఉద్యోగం. (మా అమ్మ ఊళ్ళో అందరికీ "మావాడు దుబాయ్‌ల పెద్ద ఆఫీసరు" అని చెప్పేది. దుబాయ్ కాదమ్మా అని ఫోన్‌లో దిద్దేవాణ్ణి. ఆఫీసరు అన్నదాన్ని మాత్రం దిద్దేవాణ్ణి కాదు.) దోహా శివారు ముఐథర్‌లో కంపెనీ అద్దెకు తీసుకున్న విల్లాలో ఒక గది, గది నిండా రెండంతస్తుల ఇనప మంచాలు. నాకు పై మంచం దొరికింది. జగిత్యాల వైపు మా ఊళ్ళో మా దొరల గడికి పై అంతస్తు నేను పుట్టకముందే కూలిపోయింది కాబట్టి, మా వంశం మళ్ళీ పై అంతస్తు ఎక్కింది ఖతార్‌లోనే అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. భూములు పోయాయి, పల్లకీ పోయింది, పల్లకీ మోసేవాళ్ళ మనవలు నాకంటే ముందే గల్ఫ్‌కు వచ్చి నాకంటే మంచి ఫోన్లు కొన్నారు. నాకు వారసత్వంగా మిగిలినవి రెండే: ఈ వీపు, మా తాత గ్రామఫోను దగ్గర అంటుకున్న పిచ్చి.

ఆ పిచ్చి గురించి చెప్పాలి. మా తాత పడుచువయసులో హైదరాబాద్‌లో ఎవరో తెల్లదొర సామాను వేలం వేస్తుంటే గ్రామఫోనూ ఒక పెట్టెడు ప్లేట్లూ కొనుక్కొచ్చాడు. అన్నీ ఒపేరాలు. ఒపేరా అంటే పాశ్చాత్యుల పద్యనాటకం అనుకోండి. కాకపోతే మంచినీళ్ళు అడిగినా పాడే అడుగుతారు. అందులో అందరికంటే పై స్థాయిలో పాడుతూ నాయిక వేషం కట్టే స్త్రీని సొప్రానో అంటారు. తాత ఆ మాట వాడేవాడు కాదు. వాళ్ళంతా ఆయనకు దొరసానులు. ప్లేట్ల మీద ఎక్కువగా వినిపించేది ఇద్దరు. ఒకామె చిన్న దొరసాని. గొంతు తాటిముంజెలా చల్లగా, తియ్యగా జారేది. ఇంకొకామె పెద్ద దొరసాని. ఆమె గొంతులో కాస్త కాకరకాయ చేదు ఉండేది, బాగా పైకి వెళ్ళినప్పుడు కొంచెం వణికేది. ఊరంతా వింటే చిన్నామెకే ఓటు వేసేది. తాత మాత్రం పెద్దామె మనిషి. ప్లేట్ల అట్టల మీది బొమ్మలు చూపించి నాకు వాళ్ళ వేషాలు వివరించేవాడు: కోట గోడ మీంచి దూకే దొరసాని, రాని ఓడ కోసం కళ్ళు కాయలు కాచేలా చూసే దొరసాని, మతి చలించి పెళ్ళిచీరలో తిరిగే దొరసాని. "దుంకడానికి కూడ ఒక హోదా ఉండాలెరా. చిన్నామె దుంకితె కాలు జారినట్టుంటది. పెద్దామె దుంకితె గోడే సిగ్గుపడ్తది" అనేవాడు.

ఆ పెట్టెలో తాతకు ప్రాణమైన నాటకం ఒకటుంది. రాజుగారి కొలువులో పాడే ఒక అమ్మాయి, యుద్ధానికి వెళ్ళిన ప్రియుడు, ఎదురుచూసి చూసి ఆమెకు క్షయ. అతను తిరిగొచ్చేసరికి ఆమె మంచంలో ఉంటుంది; అతని చేతుల్లో చివరి పాట మొదలుపెడుతుంది. అక్కడితో మాకు మిగిలిన ఆఖరి ప్లేటు ఆగిపోయేది, ఎందుకంటే దాని తర్వాతి ప్లేటు మా నాన్న చిన్నప్పుడే పగలగొట్టాడు. "తాతా, తర్వాత సచ్చిపోతదా?" అని నేను ఏడుపు ముఖంతో అడిగితే తాత మీసం సవరించుకునేవాడు. "సస్తది. కాని ఎవరన్న పెద్దమనిషి వన్స్‌మోర్ అనంగనే లేస్తది." ఇది ఆయన కల్పించింది కాదు, ఆయన చూసిందే. మా గడి ముందు భాగోతాలు ఆడే రోజుల్లో, ఎంత మంచి పద్యమైనా దొర "వన్స్‌మోర్" అనేదాకా జనంలో ఎవరూ నోరు తెరవకూడదు. దొర అన్నాక, చచ్చిపడి ఉన్న వేషగాడు కూడా దుమ్ము దులుపుకుని లేచి, పద్యం మళ్ళీ అందుకుని, మళ్ళీ చచ్చేవాడు. ఆ మొదటి కేక మా ఇంటి హక్కు. పొలాలకు పట్టాలున్నట్టు దానికి పట్టా లేదు కాబట్టి, ఎవరూ దాన్ని మా దగ్గర్నుంచి లాక్కోలేదు.

పెద్దయ్యాక ఫోన్‌లో వెతికితే ఆ నాటకం ఆఖరు ఒక్క నిమిషంలో దొరికేది. నేను వెతకలేదు. తాత చెప్పిన మాటను నేను నమ్మానని కాదు, నమ్మలేదని కూడా కాదు. అరచేతంత తెర మీద మా వంశం మాటను పరీక్షకు పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. చూస్తే నిండు సభలో చూడాలి.

ఆ సభ వెతుక్కుంటూ నా స్టోరుకే వచ్చింది. మా సైట్‌లో ఇటలీ ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. ఒకరోజు యాంకర్ బోల్టుల కోసం వచ్చి, నా ఫోన్‌లో పెద్ద దొరసాని కోట గోడ ఎక్కుతుంటే విని, తలుపు దగ్గరే ఆగిపోయాడు. "నీకు ఈమె తెలుసా?" అన్నాడు. "మా తాతగారి కాలం నుంచీ తెలుసు" అన్నాను నేను, ఏదో రాకపోకలున్నట్టు. ఆయన చిన్న దొరసాని పక్షం అని తేలింది. ఇంకేం, ఇద్దరం వచ్చిన ఇంగ్లీషులో జుట్టూ జుట్టూ పట్టుకున్నాం. తీపి అనేది ఎవరికైనా నచ్చుతుంది, చేదులో రుచి చూడగలగడమే రసికత అని నేను. నువ్వు పాటలు వింటున్నావా, చేదు మందు తాగుతున్నావా అని ఆయన. బయట బోల్టుల కోసం క్రేను ఆగి ఉంది. ఫోర్‌మన్ "యల్లా, యల్లా!" అని అరుస్తున్నాడు. వెళ్తూ వెళ్తూ ఇంజనీరు, వచ్చే శుక్రవారం సాయంత్రం దోహాలోని ఒపేరా హాలుకు యూరప్ బృందం వస్తోందనీ, తన భార్యా బిడ్డలు సెలవుకు వెళ్ళడంతో రెండు పాసులు మిగిలాయనీ, శత్రువుకైనా ఇవ్వక తప్పదనీ అన్నాడు. ఏ నాటకం అని అడిగాను. చెప్పాడు. ఆ నాటకమే.

రెండో పాసు మా గదిలో కింది మంచం మేస్త్రికి వెళ్ళింది. షట్టరింగ్ మేస్త్రి, మా ఊరికి పక్కూరి మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. గదిలో నన్ను దొరా అని మొదలుపెట్టింది అతనే. ఆ పిలుపులో గౌరవం పిలుపు దగ్గరే ఆగిపోయేది, క్రియాపదం దాకా వచ్చేది కాదు: "దొరా, నీళ్ళు బందయినయ్, నువ్వు బకీటు వట్టుకొని కిందికి వో." అతణ్ణే ఎందుకు పిలిచానంటే, మా గడి తలుపులు నిలబడి ఉండగా చూసిన మనిషి అక్కడ అతనొక్కడే. హక్కు వాడేటప్పుడు సాక్షి ఉండాలి కదా.

ఇక వేషాలు. పాసు మీద కోటు, బూట్లు తప్పనిసరి అని ఉంది. మా కంపెనీ డ్రైవరు, హైదరాబాద్ పాతబస్తీ మనిషి, మేమంతా చిచ్చా అనేవాళ్ళం. "కోటు కాయ్కూ మియా? దొరవి నువ్వు, షేర్వానీ ఏస్కో!" అని తన తమ్ముడి పెళ్ళి షేర్వానీ తెచ్చిచ్చాడు. తమ్ముడు నాకంటే రెండింతల మనిషి. భుజాల దగ్గర నేను అయిపోయాక కూడా షేర్వానీ ఇంకా కొంత దూరం వెళ్ళేది. మూసిన బూట్లంటే నా దగ్గర సేఫ్టీ షూలే. వాటికి నల్ల పాలిష్ దట్టంగా పెట్టాను. మేస్త్రి వీసా ఇంటర్వ్యూకు కుట్టించుకున్న తెల్ల చొక్కా వేసుకుని, చిచ్చా కోటు ఒకటి తగిలించుకుని నన్ను ఎగాదిగా చూశాడు. "గడికి బూజు దులిపినట్టున్నవ్ దొరా" అన్నాడు. (మెచ్చుకోలుగానే తీసుకున్నాను.)

ఆ హాలు పాలరాతి మీద నా సేఫ్టీ షూలు టక్కు టక్కుమంటుంటే అత్తరు వాసనల మధ్య నుంచి తలలు తిరిగాయి. రాజసం అంటే చప్పుడు లేకుండా రాదు అనుకుని నడిచాను. మా సీట్ల పక్కనే ఇంజనీరు ఉన్నాడు. నా షేర్వానీ చూసి లేచి నిలబడి మరీ చేయి కలిపాడు. దీపాలు ఆరాయి. తెర లేచింది. దొరసాని వచ్చింది.

మా ప్లేట్లలోని పెద్దామె కాదు, ఆమె ఎప్పుడో పోయింది. ఈమె కొత్త మనిషి, బొద్దుగా, కాస్త పొట్టిగా, మా మేనత్తలా ఉంది. నోరు తెరిచేదాకా నాకు నమ్మకం కుదరలేదు. తెరిచాక నా చేతుల మీద వెంట్రుకలు లేచాయి. ప్లేట్ల మీద గీతల చప్పుడు వెనక నుంచి, నూతిలోంచి వచ్చినట్టు వినే అలవాటు నాది. ఆ గొంతు ఇప్పుడు ఎదురుగా, నడిచొచ్చి నా గుండె మీద చెయ్యేసినట్టుంది. కాకర చేదు ఈమెకూ ఉంది. ఇంజనీరు వైపు గర్వంగా చూశాను.

"మైకు ఏడ వెట్టిండ్రు?" అని మేస్త్రి చెవిలో అడిగాడు.

"మైకు లేదు."

"లేదా? గా ఆఖరి కుర్చీకి గూడ ఇనవడ్తుందా?"

"వినబడుతుంది."

మేస్త్రి వెనక్కి తిరిగి ఆఖరి వరస దాకా కళ్ళతో కొలిచి వచ్చాడు. ఆ తర్వాత, దొరసాని మంచంలో పడుకుని పాడే ఘట్టం దాకా అతను కథ అడిగాడు, నేను చెప్పాను. ఆ ఘట్టంలో ఉండబట్టలేకపోయాడు. "గింత రోగమున్న మనిషికి గింత గొంతు యాడికెళ్ళి వచ్చింది? సిక్ లీవ్‌కు పోయి గిట్ల పాడితే మన క్యాంపు నర్సు నమ్ముతదా?" ముందు వరసలో ఒకావిడ "ష్" అంది. కానీ ప్రియుడు పరుగున వచ్చి ఆమెను పట్టుకున్నాక మేస్త్రి చిచ్చా ఇచ్చిన కోటు చేతికి ముక్కు తుడుచుకోవడం కనిపించింది.

ఆఖరి పాట మొదలైంది. మా గ్రామఫోను ఆగిపోయే చోటు నాకు గుర్తే. అక్కడికి రాగానే కుర్చీ అంచుకు జరిగాను. పాట ఆగలేదు. నా జీవితంలో మొదటిసారి ఆ చోటు దాటి వెళ్ళింది. అందులో ఏముందో నేను చెప్పలేను. సన్నగా, ఇంకా సన్నగా, దారం పోగులా లాగి లాగి, తెగిందో లేదో తెలియని చోట వదిలేసింది. ఆమె తల అతని చేతి మీద వాలింది. తంబురా మీద చేయి వేసి ఆపినట్టు సభంతా ఆగిపోయింది. వాద్యగాళ్ళను నడిపించే పెద్దాయన చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి. ఎవరూ ఏమీ అనడం లేదు. ఎవరూ అనరు. ఎవరి కోసం చూస్తున్నారో నాకు అర్థమైంది.

నేను లేచాను. మేస్త్రికి గడి ముందు భాగోతాల రోజులు గుర్తొచ్చాయేమో, షేర్వానీ అంచు పట్టుకుని లాగాడు. "ఊకో దొరా! అలిసిపోయింది, ఆమెను సావనియ్యి!" నేను వీపు నిటారుగా పెట్టి, మూడు తరాల గాలి పీల్చి, "వన్స్‌మోర్!" అన్నాను.

మైకు లేకుండా ఆఖరి కుర్చీకి వినబడింది.

ఇంజనీరు ముఖం చేతుల్లో దాచుకున్నాడు. టార్చిలైటుతో ఒకమ్మాయి మా వరసకు వచ్చి "సర్, ప్లీజ్" అంది. తెర దిగిపోయింది. నేను మాత్రం కూర్చోలేదు. తాత మాట తేలిపోయే క్షణం అది. ఆమె లేవకపోతే మా ఇంటికి ఇక కూలడానికి కూడా ఏమీ మిగలదు. చప్పట్లు మొదలయ్యాయి; నాకు అవి ఎక్కడో పడుతున్న వానలా వినబడ్డాయి. అప్పుడు తెర మళ్ళీ లేచింది. దొరసాని నిలబడి ఉంది. జుట్టు సవరించుకుంటూ, ప్రాణాలతో, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ ముందుకొచ్చింది. సభ మీదుగా చూస్తూ షేర్వానీలో ఒంటరిగా నిలబడి ఉన్న నా దగ్గర చూపు ఆపి, గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచింది.

మేస్త్రి నోరు తెరుచుకుంది. "లేసింది!" అన్నాడు. "నీ తల్లి, నిజంగనే లేసింది దొరా! నీ మాట ఇన్నది!"

(నాటకం అయ్యాక నటులంతా ఇలా మళ్ళీ వచ్చి దండం పెట్టడం వాళ్ళ ఆచారమని, చచ్చినవాళ్ళూ చంపినవాళ్ళూ చేతులు పట్టుకుని మరీ వస్తారని ఇంజనీరు నాకు మరునాడు స్టోరులో చెప్పాడు. మా భాగోతాల్లో చచ్చినవాడు వెనక నుంచి వెళ్ళి బీడీ కాల్చుకునేవాడు, మాకేం తెలుసు. ఆయన చెప్పింది విని తల ఊపాను. ఒప్పుకోలేదు.)

తిరుగు దారిలో చిచ్చా "కైసా థా మియా?" అని అడగడమే ఆలస్యం, మేస్త్రి అందుకున్నాడు. "సచ్చినామెను లేపిండు చిచ్చా, మన దొర! ఒక్క మాటతోని!" కాసేపు నవ్వి నవ్వి, తర్వాత కిటికీలోంచి చూస్తూ అన్నాడు. "మా అయ్య భాగోతంల ఆడోళ్ళ వేషం కట్టేటోడు, ఎరికేనా? మీ గడి ముంగటనే. మీ తాత వన్స్‌మోర్ అన్నప్పుడల్లా సచ్చి, లేసి, మళ్ళ సచ్చేటోడు. పొద్దుగాల నడుం లేవకపోయేది. మా అమ్మ ఆముదం రాసుకుంట మీ తాతను తిట్టేది."

నా వీపు సీటుకు ఆనుకుంది. చాలా కాలానికి. "మీ అయ్య ఏమనేవాడు?" అన్నాను.

"అయ్యనా? ఆముదం రాయించుకుంట నవ్వేటోడు. 'దొర నన్ను గింతసేపు సావనియ్యలేదే' అని అందరికి చెప్పుకునేటోడు." మేస్త్రి నా వైపు తిరిగాడు. "ఇయ్యాల గా దొరసాని గూడ గట్లనే నవ్వింది."

మర్నాటి నుంచి సైట్‌లో నా పేరు దొర కాదు, వన్స్‌మోర్. నేపాలీలూ బంగ్లావాళ్ళూ కూడా అదే పేరు పెట్టి హెల్మెట్లు అడిగేవాళ్ళు. మొదట్లో పలకలేదు. తర్వాత పలికాను. పేరు పెట్టి పిలిస్తేనే కదా హక్కు నిలిచేది.

ఇన్నేళ్ళ తర్వాత, మొన్నీమధ్య మేస్త్రి ఉద్యోగం చాలించుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఎయిర్‌పోర్ట్‌లో నేనే దింపాను. అతని మోకాళ్ళు అరిగాయి, జుట్టు నెరిసింది. నాది నెరవడమే కాదు, సగం రాజీనామా కూడా చేసింది. ఏదో మాట్లాడాలని ఇద్దరికీ ఉంది. మా వంశంలో మగవాళ్ళకు అలాంటివి చేతకావు, అతని వంశంలో వాళ్ళకు వేషం కట్టాక తప్ప చేతకావు. "సరే మరి" అన్నాను. "సరే దొరా" అన్నాడు. సామాను బండి తోసుకుంటూ వెళ్ళాడు. అద్దాల తలుపు అతని వెనక తెరలా మూసుకుంది.

నా గొంతులోకి అది ఎలా వచ్చిందో తెలియదు. "వన్స్‌మోర్!" అన్నాను.

అద్దాలు మళ్ళీ తెరుచుకున్నాయి. మేస్త్రి తిరిగొచ్చి నిలబడ్డాడు. వెనక జనం ఆగిపోయారు. మేస్త్రి వాళ్ళను పట్టించుకోకుండా, అరిగిన మోకాళ్ళు కాస్త వంచి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, అచ్చం ఆ దొరసానిలా తల వంచాడు. తర్వాత నడుం పట్టుకుని, "ఇగ నన్ను పోనియ్యి దొరా, ఆముదం రాసేటోళ్ళు ఇక్కడ లేరు" అని నవ్వుతూ లోపలికి వెళ్ళిపోయాడు.

గేటు దగ్గర పోలీసు నా వైపు అనుమానంగా చూశాడు. మా ఇంటి హక్కు అది, వాడుకున్నాను. నిటారుగా నిలబడి, కళ్ళు తుడుచుకుని, పార్కింగ్ వైపు నడిచాను.