తోమాసన్న అలగలేదు

తోమాసన్నకు కోపం వస్తే ముక్కు కొస ఎర్రబడుతుంది. గనిలో పనిచేసినన్నాళ్లూ బొగ్గుదుమ్ము కప్పెయ్యడం వల్ల ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. రిటైరైన నెలలోపే మూడు మండలాల జనం చూశారు.

మణుగూరు కాలనీలో ఆయనది మా ఎదురు క్వార్టర్. ముప్పై ఏళ్లు బొగ్గు లారీ తోలాడు. గుంతలోకి దిగడం, బొగ్గుతో పైకెక్కడం, మళ్లీ దిగడం. పైకెక్కినప్పుడల్లా గోదావరికి అవతలి ఒడ్డున అడవి నీలంగా కనిపించేది. అటు పోదామనుకున్నప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం పడేది. అయితే షిఫ్టు, కాకపోతే చుట్టాల పెళ్లి, అదీ కాకపోతే చర్చి పండక్కి కుర్చీలు సర్దడం.

చివరికి క్వార్టర్ ఖాళీ చేసి సొంతూరు వైరాకు పోయే రోజు వచ్చింది. సామాన్ల వ్యానులో భార్య అంతోనమ్మ, కొడుకు జస్టిన్. మోటారు సైకిల్ మీద తోమాసన్న. ఆ బండి మర్నాటి నుంచి జస్టిన్‌ది, విత్తనాల కంపెనీలో ఊళ్లు తిరిగే ఉద్యోగం వచ్చింది వాడికి. కాబట్టి తోమాసన్న తన బండి మీద తనొక్కడే పోవాలంటే మిగిలింది ఆ ఒక్క రోజే.

"నేను మీ ఎంబడి రాను. ఏటూరునాగారం మీదికెల్లి పోయి, వంతెన దాటి, చర్ల, భద్రాచలం చూసుకుంట వస్త," అన్నాడు, ముందు రోజు సామాను కడుతుంటే.

"గక్కడ ఏం పని?" అంది అంతోనమ్మ.

"పనేం లేదు. చూసొస్త."

"ఎవర్ని?"

"ఎవర్నీ కాదే. అడవిని. గోదారిని."

అంతోనమ్మ గిన్నెల మూట ముడి వేస్తూ ఆగింది. "గోదారి ఈడ లేదా?"

ఆవిణ్ణి అని లాభం లేదు. మా దిక్కు మనిషి ఒంటరిగా దూరం పోతున్నాడంటే దవాఖానాకో, చావుకో, కోర్టుకో అయి ఉండాలి. నాలుగో కారణం ఇంకా పుట్టలేదు. అయినా ఆయన వినలేదు. తెల్లారగానే బండి తీశాడు.

మా చర్చి ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఎవరు ప్రయాణం కట్టినా ప్రార్థన కోరడం ఆనవాయితీ. పిల్లల పరీక్షలకు కోరతారు, కోడలి కానుపుకు కోరతారు, ఒకసారి ఫ్రిజ్ రిపేరుకు కూడా కోరారు. అంతోనమ్మ కూడా బండి మీద కూర్చున్న ఆయన ఫొటో పెట్టి, "మా ఆయన ఒక్కడే అడవి దారిన పోతుండు, అందరూ ప్రార్థన చెయ్యండి" అని రాసి వ్యానెక్కింది. ఇందులో తప్పేం లేదు.

దాన్ని పినపాకకు పంపినావిడ "చెప్పినా వినకుండా" అని కలిపింది. నిజమే. వాజేడుకు పంపినావిడ "క్వార్టర్ ఖాళీ చేసి" అని కలిపింది. అదీ నిజమే. వెంకటాపురంలో ఎవరో "భార్య ఒక దిక్కు, ఆయన ఒక దిక్కు" అని చేర్చారు. అంతకంటే నిజం లేదు. ఇన్ని నిజాలు పక్కపక్కన నిలబడేసరికి చర్లకు చేరిన వార్త ఏమిటంటే, తోమాసు అనే పెద్దమనిషి, ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులని కూడా చూడకుండా, పెళ్లాం మీద అలిగి అడవి పట్టాడు. కనిపిస్తే ఆపగలరు.

పాపం ఆ వేళకు ఆయన ముల్లకట్ట వంతెన మీద బండి ఆపి, కింద ఇసుక తిన్నెల మధ్య పాయలుగా పారుతున్న నీళ్లు చూస్తున్నాడు. తర్వాత రోడ్డుకు రెండు పక్కలా మోదుగులు ఆకు లేకుండా పూసి ఉన్నాయట. కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయట, ఆ ఘాటుకు హెల్మెట్‌లోనే తుమ్మాడట. తుమ్మితే "చల్లగుండు" అనేవాళ్లు కూడా లేకపోవడం ఎంత బాగుందో అని తర్వాత నాతో చెప్పాడు. కాసేపు పాట కూడా పాడాడు. చర్చి పాట కాదని మాత్రం ఒప్పుకున్నాడు.

ఆ సుఖం చర్ల దగ్గర పోలీసు చెక్‌పోస్టు దాకా సాగింది. అక్కడ వీరబాబు అనే కానిస్టేబుల్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎక్కడికి పెద్దాయనా?"

"ఇంటికి. వైరా."

"మణుగూరు నుంచి వైరాకు ఇటెందుకొచ్చినవ్?"

"అడవి చూద్దామని."

"అడవిల ఏముందని చూస్తవ్?"

"నువ్వు పొద్దుగాలకెల్లి దాన్నే చూస్తున్నవ్ కద. నువ్వే చెప్పు."

"నేను డ్యూటీ మీద చూస్తున్న," అన్నాడు వీరబాబు, సంచి విప్పమంటూ. సంచిలో తువ్వాలు, నీళ్ల సీసా, రెండు అరటిపండ్లు. ఇంత తక్కువ సామాను ఉన్న మనిషి మీద అనుమానం ఇంకా పెరుగుతుంది. అప్పుడే మోపెడ్ మీద ఒకాయన ఆయాసపడుతూ వచ్చాడు. అక్కడి చర్చి ఉపదేశి జాషువా. ఫాదర్ రాని ఊళ్లలో ప్రార్థన నడిపేది, మొగుడూ పెళ్లాల తగాదాలు తీర్చేది ఆయనే.

"మావాడే సార్," అన్నాడు వీరబాబుతో. గొంతు తగ్గించి, "ఇంట్ల కొంచెం గొడవ," అన్నాడు.

వీరబాబు ముఖం వెంటనే మెత్తబడింది. "ముందే చెప్పొద్దా పెద్దాయనా. నేను గూడ నిరుడు గిట్లనే పోయిన. మూడో దినం మర్లిన."

"ఏం గొడవ? ఎవరింట్ల?" అన్నాడు తోమాసన్న.

జాషువా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "అన్నా, ముందు మా ఇంటికి రా. ఇంత అన్నం తిను."

"ఆకలైతలేదు."

"చూసినవా, తిండి గూడ బంద్ చేసిండు," అన్నాడు జాషువా వీరబాబుతో, ఆయన అక్కడ లేనట్టే.

"నేను అలగలేదయ్యా!"

చెక్‌పోస్టు అంతా తిరిగి చూసింది. ముక్కు ఎర్రబడింది. నేను అలగలేదు అని అరిచే మనిషిని చూసి అలగలేదనుకునే వాళ్లు ఎక్కడుంటారు? ఆ ఒక్క మాటతో ఆయన కేసు ఓడిపోయాడు.

జాషువా ఫోను తీసి ఆ వార్త చూపించాడు. తన ఫొటో కింద తన సంసారం గురించి చదువుకున్నాక తోమాసన్న అంతోనమ్మకు ఫోను కలిపాడు. కలవలేదు. ఇంకోసారి కలిపాడు. అదీ లేదు. "వదిన ఎత్తుతలేదా?" అన్నాడు జాషువా, జాలిగా. ఎత్తడం కాదు, సిగ్నల్ లేదని చెప్పినా ఆయన తల ఊపుతూనే ఉన్నాడు.

తోమాసన్న బండి స్టార్ట్ చేశాడు. వెనక మోపెడ్ కూడా స్టార్ట్ అయింది. ఈయన వేగం పెంచితే గుంతల రోడ్డు మీద వెన్ను విరుగుతుంది. తగ్గిస్తే మోపెడ్ పక్కకొచ్చి, "దేవుడు జతపరచిన వాళ్లని..." అని మొదలుపెడుతుంది. దుమ్ముగూడెం దగ్గర చెట్టు కింద ఆగాడు. మోపెడ్ కూడా ఆగింది. ఒంటికి పోవడానికి పొదల్లోకి నడిచాడు. జాషువా అటు తిరిగి నిలబడి, ఆలస్యమైతే దగ్గాడు. రోడ్డు పక్కన గోదావరి వెండిలా ఉందని ఎవరో చెబితే తప్ప ఆయనకు తెలియదు, ఆయన కళ్లు అద్దంలో మోపెడ్ మీదే ఉన్నాయి.

ముప్పై ఏళ్లు ఆగి తెచ్చుకున్న రోజులో సగం అట్లా పోయింది.

భద్రాచలం బస్టాండు ముందు సంచి పట్టుకుని అంతోనమ్మ నిలబడి ఉంది. వ్యాను కొత్తగూడెం చేరాక ఆవిడ ఫోనుకు ఆ వార్త తిరిగి తిరిగి వచ్చింది. తను రాసిన మాటకే ఇంతమంది ఇన్ని చేర్చారంటే తనకు తెలియనిది ఏదో ఉందనుకుంది. వ్యానులోంచి దిగి బస్సెక్కి వచ్చేసింది.

"నన్నిడిసి పోతవా?" అంది.

"నీకు చెప్పే కద పోయిన!"

"చెప్పినవ్. గిట్లనని చెప్పినవా?"

"గిట్ల ఏంది? ఏముందే గిట్ల?"

పక్కన చెరుకురసం బండివాడు మిషను ఆపేశాడు. జాషువా ఇద్దరి చేతులూ కలిపి, నడిరోడ్డు మీద కళ్లు మూసుకుని పెద్దగా ప్రార్థన చేశాడు. జనం చుట్టూ చేరారు. ఒక ముసలమ్మ తోమాసన్న గడ్డం పట్టుకుని, ఇగ మంచిగుండు బిడ్డా అని పోయింది. ప్రార్థన అయ్యాక అంతోనమ్మ కళ్లు తుడుచుకుని, కొంగు నడుముకు చుట్టి, బండి ఎక్కబోయింది.

"ఎక్కకు," అన్నాడు తోమాసన్న.

జాషువా నోరు తెరిచాడు.

"నాకు నీ మీద కోపం లేదు. నీ మీద అలగలేదు. కానీ ఎక్కకు. రేపటికెల్లి ఈ బండి పోరనిది. వైరా దాక ఇంత రోడ్డు మిగిలింది. అదన్న నన్ను ఒక్కణ్నే పోనియ్యి."

"గదే మాట నిన్ననే అనొచ్చు కద."

"అన్న కద!"

"చూసొస్త అన్నవ్. ఒక్కణ్నే ఉండాల్నని అనలేదు. అనుంటే గ్రూపుల పెడుదునా?"

ఇది అన్యాయమని తోమాసన్నకు గట్టిగా అనిపించింది, కాని ఎవరిదో తేలలేదు. అంతోనమ్మ సంచి భుజాన వేసుకుంది. జాషువా మోపెడ్ వైపు నడవడం చూసి, "నువ్వేడికి ఉపదేశీ? నన్ను బస్సెక్కియ్యి, సీటు పట్టు. బస్సు కదిలేదాక ఈడ్నే ఉండు," అని ఆయన చేతిలోంచి తాళంచెవి తీసుకుని తన సంచిలో వేసుకుంది.

ఆ విధంగా తోమాసన్న ఒక్కడే వంతెన దాటాడు. సారపాక, పాల్వంచ. ఎవరూ ఆపలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. కొత్తగూడెం దాటాక, టేకు చెట్ల మధ్య రోడ్డు పక్కన బండి ఆపి అరటిపండు ఒలుచుకుంటుండగా ఖమ్మం బస్సు వచ్చింది. కిటికీ పక్కన అంతోనమ్మ. తోమాసన్న పండున్న చెయ్యి ఎత్తి ఊపాడు. ఆవిడ చూసింది, ముఖం అటు తిప్పుకుంది. బస్సు పోయింది.

మళ్లీ ముక్కు ఎర్రబడింది. మిగతా దారంతా అదే మండిపాటు. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి, చెయ్యి ఊపితే చూడదా? వైరాలో బండి స్టాండు కూడా వెయ్యకుండా అదే అడిగాడు.

"ఒక్కణ్నే ఉండాలంటివి," అంది అంతోనమ్మ, గిన్నెల మూట విప్పుతూ. "నేను చూస్తే ఒక్కనివెట్లయితవ్? బస్సుల అందరికి గూడ చెప్పిన, ఎవ్వరు అటు చూడొద్దని. డ్రైవరొక్కడు ఇనలే."