వీపు మీద నోరున్న విమానం

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లోకంలో లేదు. మార్కాపురంలో ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది చదివే వాళ్ళెవరికైనా అంతే లెండి, అజ్ఞానం మొదలయ్యేది ఉద్యోగం వచ్చాకే. రాడార్‌కు చిక్కని డ్రోన్ చేస్తామని నేనూ, మా పొడుగుదీ (ప్రాజెక్టులో నా జత) కాలేజీ అంతా చాటుకున్నాం. ఇంజను గాలి పీల్చుకునే నోరు మొదట పొట్ట కింద పెట్టాం. మా ఊళ్ళో పలకల ఫ్యాక్టరీల పొడి పడని నేలెక్కడుంది? ఆ పొడంతా పీల్చి మోటారు మూలిగి ఊరుకుంది. దాంతో నోటిని వీపు మీదికి మార్చాం. అసలు స్టెల్త్ విమానాల్లో (రాడార్‌కు చిక్కనివి) కూడా చాలావాటికి అక్కడే ఉంటుంది. తిరిగే ఫ్యాను రెక్కల్ని రాడార్ ఇట్టే పసిగడుతుంది కాబట్టి, కింద నుంచి కనపడకుండా నోరు పైన పెట్టి గొట్టాన్ని వంకర తిప్పుతారు. ఒక్క దెబ్బకు రెండు పిట్టలని మురిసిపోయాం.

పైకి మురిపెమే గానీ లోపల నాకు భయమే. నాయనకు బజార్లో కిరాణా దుకాణం. "అది ఎగిరిందా, బెంగుళూరు ఉద్యోగానికి పో. ఎగరలేదా, నాతో దుకాణంలో కూర్చో" అని తేల్చేశాడు. పరీక్ష రోజు ఆయనే కొత్త చొక్కా తొడుక్కుని, పూజ పళ్ళెంతో కాలేజీ మైదానానికి వచ్చాడు. డ్రోన్‌కు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాడు (మా ఇంట్లో కొత్త మిక్సీకైనా ఇది తప్పదు). మోటారు అందుకుంది. డ్రోన్ కదలబోతుంటే ఆయనకు ఆనందం పట్టలేదు. "చల్లగా పోయిరా తల్లీ!" అంటూ గుప్పెడు అక్షింతలు చల్లాడు. "నాయనా, వద్దు!" అన్నాను గానీ, వీపు మీద నోరు అప్పటికే ఆశీర్వాదమంతా మింగేసింది. టకటకమని పళ్ళు కొరికి ఆగిపోయింది.

"శత్రువు కంట పడకుండా పెట్టినారు, బాగుంది. మీ నాయన చేతి సంగతి మరిచిపోయినారే!" అని పరీక్షకొచ్చిన సారు పగలబడి నవ్వాడు. నేను నేల మీద కూలబడి, ఫ్యానులోంచి పసుపు బియ్యం ఏరుతూ ఏడ్చాను. నాయన కూడా పక్కన కూర్చుని ఏరసాగాడు.

"ఇంత సందులోకి ఎట్ల పోయినాయమ్మా?"

వెక్కుతూనే రాడార్, ఫ్యాను, వంకర గొట్టం అన్నీ చెప్పాను. ఆయన గొట్టంలోకి తొంగి చూస్తూ చివరిదాకా విన్నాడు.

"ఇన్ని తెలిసినదానివి, చింతపండు జోకుతా కూర్చుంటావా? ఎగిరేదాన్ని నేనే ఆపితిని. నిన్ను గూడా ఆపితే ఏం బాగుంటాది? పో, బెంగుళూరు పో."

ఇప్పుడు అక్కడే డ్రోన్లు గీసే ఉద్యోగం నాది. కొత్తది తయారైందని ఫోన్ చేస్తే నాయన అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "నోరు ఏ పక్క పెట్టినావమ్మా?"

"పైనే, నాయనా."

"అట్లయితే నేను ఇక్కణ్ణుంచే దండం పెట్టుకుంటాలే."

ఫోన్ పెట్టేశాక ఆ మైదానంలో కూలబడి ఏడ్చిన పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. అంత ఏడుపులో అది పక్కన కూర్చున్న నాయన ముఖం వైపు ఒక్కసారైనా చూడలేదు, చూసుంటే ఆయన మనసు అప్పుడే తెలిసేది, పిచ్చి మొద్దు.