తాత కంచంలో రొట్టె

నా చిన్నప్పుడు జొన్నరొట్టె పేదల తిండనీ, పోంక్ అనే పచ్చగింజల చిరుతిండి సూరత్ షావుకార్లదనీ గట్టిగా నమ్మేవాణ్ణి. రెండూ ఒకే చేలో పండుతాయని తెలియనంత తెలివి నాది.

మా ఇల్లు సూరత్‌లోని లింబాయత్‌లో. నాన్న, తాతయ్య తెలుగు పల్లె నుంచి వలసొచ్చి అక్కడి మరమగ్గాల మీద పనిచేసేవారు. బడిలో తోటి పిల్లల డబ్బాల్లో మెత్తటి గోధుమ రొట్టెలుంటే, నా డబ్బాలో జొన్నరొట్టె అట్టముక్కలా బిగుసుకుని ఉండేది. సిగ్గుతో మూతైనా తీయకుండా ఇంటికి తెచ్చేవాణ్ణి. చివరికి ఒకరోజు ప్రార్థనలో కళ్లు తిరిగి పడ్డాను. అమ్మ ఏడ్చింది.

ఆ ఆదివారం, మానని కాలి పుండుకు గుడ్డ చుట్టుకుని, కుంటుతూనే తాతయ్య నన్ను తాపీ నది ఒడ్డుకు తీసుకెళ్లాడు. చలికాలం, పోంక్ దుకాణాలు పెట్టే రోజులు. వేడి వేడి పచ్చటి గింజలు, పైన సేవ్ అనే సన్న కారప్పూస, నిమ్మరసం. కాగితం కూడా నాకేశాను.

“ఎట్లుందిరా?”

“మస్తుంది తాతా! మనింట్ల గిట్ల ఎందుకు చెయ్యరు?”

తాతయ్య దుకాణం వెనక్కి చూపించాడు. అక్కడ ఇద్దరు, కాల్చిన కంకుల్ని గుడ్డసంచిలో వేసి కర్రలతో కొడుతున్నారు.

“గవి జొన్నకంకులేరా. జర ముదిరితే మీ నాయనమ్మ చేసే రొట్టె. గంతే.”

నాకంతా అయోమయం. నేను మెచ్చింది జొన్ననా, సేవ్‌నా? ఇన్నాళ్లూ నచ్చనిది రొట్టెనా, పక్కవాడి డబ్బా ముందు నా డబ్బానా? ఇల్లు చేరేదాకా ఆలోచించినా తేలలేదు.

ఇంటికొచ్చి భోజనానికి కూర్చున్నాం. నా కంచంలో రెండు రొట్టెలు. తాతయ్య కంచంలో ఎప్పట్లాగే తెల్లన్నం గుట్ట. ఆయనకు షుగరు. అన్నం తగ్గించకపోతే కాలికే ముప్పని డాక్టరు చెప్పి ఏడాదైంది. నాయనమ్మ పోరి పోరి అలసిపోయింది.

నేను ఒక రొట్టె తీసి ఆయన అన్నం మీద పెట్టాను.

“ఏందిరా ఇది?”

“జొన్ననే తాతా. జర ముదిరింది, గంతే.”

నాయనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, అన్నం గిన్నెను మెల్లగా తన వెనక్కి జరిపింది. తాతయ్య నన్నూ రొట్టెనూ మార్చి మార్చి చూసి, ఒక ముక్క తుంచాడు. కొన్ని నెలలకు పుండు మానింది. రొట్టె వల్లో, మందుల వల్లో నాకిప్పటికీ తెలియదు.

ఆయన ఆస్తిలో నా వాటాకు షుగరే వచ్చింది. కోడలు పళ్లు తినమంటుంది, కొడుకు వద్దంటాడు, ఫోను పూటకో మాట చెబుతుంది. ఏది నిజమో తేలక నేను రొట్టెనే పట్టుకున్నాను. ఎవరు సలహా చెప్పినా ముందు వాళ్ల కంచంలోకి తొంగిచూస్తాను.

మొన్న మా అబ్బాయి పిజ్జా తింటూ నాకు పథ్యం గురించి అరగంట చెప్పాడు. అంతా బుద్ధిగా విన్నాను. విని, నా రొట్టెల్లో ఒకటి తీసి వాడి పిజ్జా మీద పెట్టాను.