కల్లు మానడానికి పోయిన దవాఖాన

మా ఇంట్లో కల్లును ఎవరూ తాగుడు కింద లెక్కేయలేదు. బ్రాందీ తాగేవాడే తాగుబోతు. కల్లు మాత్రం అన్నంలాగా రోజూ ఉండేదే. పాన్‌గల్ దగ్గర మా పుట్టింటివాళ్లది వ్యవసాయం. నేను పసిపిల్లగా ఏడిస్తే అమ్మ కల్లులో వేలు ముంచి నోట్లో పెట్టేదట. పెళ్లయి గద్వాల వచ్చి మగ్గం పని నేర్చుకున్నాక నేను, నా భర్త సాయంత్రం మగ్గం దిగి ఇద్దరం తాగేవాళ్లం. తర్వాత పొద్దున్నే కూడా మొదలైంది.

ఇప్పుడు దుకాణంలో పోసేది చెట్టు కల్లు కాదు. దాంట్లో ఏదో పౌడర్ కలుపుతారని అందరికీ తెలుసు. నాకూ తెలుసు. సీసా మూత తీస్తే పులిసి కుళ్లిన పిండి వాసన. అడుగున తెల్లటి మడ్డి. ఆ మడ్డిని కూడా వేలితో తీసుకుని నాకేదాన్ని.

మేము నేసే గద్వాల చీరకు నడుమ నూలు, అంచు పట్టు. ఆయన అడ్డపోగు నడిపే నూలు నాడె విసిరితే, నేను పక్కన కూర్చుని అంచు నాడె విసరాలి. ప్రతిసారీ నూలు పోగు, పట్టు పోగు ఒకదాన్నొకటి పట్టుకోవాలి. పొద్దున కల్లు పడకపోతే నా చెయ్యి వణికేది. పోగు తప్పి అంచు పొడుగునా కంతలు పడేవి.

మా అమ్మోరు జములమ్మకు మొక్కుకుని, చేతికి పసుపు దారం కట్టుకుని ఒకేసారి మానేశాను. మా దగ్గర అందరూ అలాగే మానుతారు. మొక్కుకుంటే ఒంటికి ఏమీ కాదని నమ్మకం. రెండు మూడు రోజులకే ఫిట్స్ వచ్చి పడిపోయాను. తెలివి వచ్చేసరికి చీర తడిసిపోయి ఉంది. నోరు వంకరపోయింది. చుట్టూ వాడకట్టు ఆడవాళ్లు.

"అమ్మోరు కోపమైంది. మొక్కుల ఏమన్న తప్పు చేసిందేమో."

"కోపం లేదు, పాడు లేదు. జర కల్లు పొయ్యుండ్రి, గదే లేస్తది."

పోశారు. లేచాను. చెయ్యి కూడా నిలబడింది. అందరూ నవ్వారు. నాకు మాత్రం నా ఒళ్లంటేనే రోత పుట్టింది.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా సర్కారు దవాఖానకు పోయాను. ఫిట్స్ వచ్చాయని చెబితే కౌన్సెలింగ్ గదికి పంపారు. అక్కడ ఉన్నామె నాకంటే చిన్నది. నన్ను కూర్చోబెట్టి అడిగింది.

"తాగుతవా అక్కా?"

"లేదు మేడం. మా ఇంట్ల మందు ముట్టరు."

"కల్లు?"

"కల్లు తాగుతం. గది అందరు తాగుతరు గద."

ఆమె నవ్వలేదు, తిట్టలేదు. నా చేతి పసుపు దారం చూసింది. "మొక్కు మంచిదే అక్కా, గని కల్లుల కలిపే పౌడర్‌కు మొక్కు తెల్వదు. ఒక్కసారే ఇడిస్తే పానం మీదికొస్తది. డాక్టర్ గోలీలు రాస్తడు. ఈడ్నే ఉండి మెల్లగ తగ్గించుకోవాలె" అంది. అప్పుడే నన్ను వార్డులో చేర్చారు.

వార్డులో నిద్ర లేదు. ఒళ్లంతా చీమలు పాకినట్టు ఉండేది. పక్క మంచం వాళ్లు వాంతి చేసుకుంటే నాకు కల్లు వాసనే వచ్చేది. రోత పడుతూనే నోట్లో నీళ్లు ఊరేవి. నా నోటి మీద నాకే అసహ్యం.

ఒకరోజు, ఎవరు చెప్పారో, నా భర్త వచ్చాడు. పళ్లు తెచ్చాడనుకున్నాను. సంచిలోంచి నీళ్ల సీసా తీశాడు. దాంట్లో తెల్లగా కల్లు.

"ఏందయ్యా గిది?"

"జర తాగు. చెయ్యి నిలబడ్తది. ఇంటికి పోదాం పా. చీర సగంల ఆగింది, అంచు కాడ ఎవలు కూసుంటరు?"

"నన్ను సంపనీకి తెచ్చినవా?"

"సంపనీకేంది, అందరు బతుకుతలేరా? మస్తు షోకులు నేర్చినవ్ గీ దవాఖానల."

చెయ్యి దానంతటదే సీసా మీదికి పోయింది. వెనక్కి తీసుకుని ఒళ్లో నొక్కిపెట్టుకున్నాను. ఇక నేను తాగనని తెలిసి, తనే మంచం పక్కన నిలబడి గటగటా తాగేశాడు. గడ్డం మీద నుంచి తెల్లగా కారింది. మొన్నటిదాకా నేనూ ఇలాగే ఉన్నాను కదా అనిపించి మొహం తిప్పుకున్నాను.

"మగ్గం కాడికొస్త" అన్నాను. "గని ముందుగాల నువ్వు గా మేడం కాడ కూసోవాలె. ఇంట్ల సీసా ఉంటె నేను రాను."

"నాకేం రోగమే?" అని తిట్టుకుంటూ పోయాడు.

వేరే ఎవరూ అంచు కాడ కూర్చోవడానికి రాలేదేమో, నాలుగు రోజులకు తిరిగి వచ్చాడు. కౌన్సెలింగ్ గదిలోకి ఒక్కడే పోయాడు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. తలుపు సందులోంచి మాటలు వినిపిస్తున్నాయి.

"పండుగకో పబ్బానికో తాగుత మేడం. గంతే. నా పెండ్లాందే మొత్తం లొల్లి."

నేను లేచి లోపలికి పోయాను.

"అబద్ధం మేడం. పొద్దు లేస్తే కల్లే. మొన్న నా మంచం కాడికి గూడ తెచ్చి తాగిండు."

ఆయన నన్ను చంపేసేటట్టు చూశాడు. ఆయన చొక్కా నుంచి అదే కుళ్లు వాసన. అయినా పక్క కుర్చీ లాక్కుని, ఆయన భుజానికి నా భుజం తగిలేటట్టు కూర్చున్నాను. ఆమె ఆయన్ని మళ్లీ మొదటి నుంచి అడిగింది. ఆయన తలుపు వైపు చూశాడు. లేచి మాత్రం పోలేదు.