సూదుల జీపు

నిన్న సాయంత్రం ఎదురింటి లక్ష్మి అంగన్‌వాడీలో ఇచ్చిన పిండి వేయిస్తుంటే, ఆ పచ్చివాసన కమ్మదనంలోకి తిరిగే లోపే నా అరచేతులు చల్లబడిపోయాయి. ఈ వయసులో పిండి వాసనకు భయమేమిటని ఎవరైనా నవ్వుతారు.

కంచరపాలెంలో రైలు పట్టాలను ఆనుకున్న రేకుల గది మాది. నాన్న పోయాక అమ్మ హార్బరు దగ్గర రొయ్యలు వలిచే షెడ్డులో కుదిరింది. తెల్లవారకముందే "ఏడవకే అమ్మా, సందేలకి వచ్చీత్తాను" అని బయట తాళం వేసుకుని వెళ్లిపోయేది. ఎండాకాలం పైరేకులు టప్పుమని పేలేవి, తుఫాను రోజుల్లో గడప కిందినుంచి నీళ్లు చప్పుడు లేకుండా లోపలికి పాకేవి, గూడ్సు బండి వెళ్తే గోడా గిన్నెలూ నా పళ్లూ కలిసి వణికేవి. ఏడ్చినా వినేవాళ్లు లేక, చప్పుడును బట్టి పెట్టెలు లెక్కపెట్టేదాన్ని. ఎవరూ నేర్పకుండా నాకు వచ్చిన లెక్కలు ఆ చీకట్లోనే మొదలయ్యాయి. లెక్క తప్పితే అమ్మ తిరిగి రాదని గట్టిగా నమ్మేదాన్ని.

ప్రభుత్వం అద్దె కట్టి మా వీధి చివర బాల్వాడీ తెరిచాక ఆ తాళం మేకుకే వేలాడింది. గోధుమనూక ఉప్మాలో చిటపటలాడే ఆవాలు, వేయించిన పిండితో చేసిన బెల్లం ఉండలు, వానపడిన అరుగు మీద తొక్కుడుబిళ్ల, తాటిముంజెల బండి వస్తే మమ్మల్నందరినీ చీర చెంగుకే కట్టేసినట్టు పట్టుకునే ఆయమ్మ: నాకు పగలంటే ఎలా ఉంటుందో తెలిసింది అక్కడే.

మా పేటలో సర్కారు జీపంటే మాత్రం సూదులే. టీకాలవాళ్లు వచ్చేది అందులోనే. అది కనిపిస్తే తల్లులే పిల్లల్ని మంచాల కిందికి తోసేవారు.

ఆఫీసరు వస్తాడనీ, పిల్లలు సరిపడా కనబడితేనే నూకా నూనే అద్దే వస్తాయనీ, లేకపోతే బాల్వాడీ ఎత్తేస్తారనీ టీచరమ్మ ముందే చెప్పింది. జీపులో వస్తాడని చెప్పలేదు.

"ఓలమ్మో, సూదుల జీపొచ్చీసినాది! పారిపోండర్రా!" అని ఆయమ్మ గరిటెతోనే కేకేసి, అందరికంటే ముందు తానే తలుపు చాటుకు దూరింది. క్షణంలో గది ఖాళీ. నేను నూక డ్రమ్ము వెనక నక్కాను.

ఆఫీసరు లోపలికొచ్చి ఉడుకుతున్న ఉప్మాను చూశాడు. "పిల్లలే లేరు, ఈ వంటెవరికమ్మా? మూసేయమని రాస్తాను."

టీచరమ్మ హాజరు పుస్తకం వెతుక్కుంటోంది. మూసేయడమన్న మాటకు నా చెవిలో తాళం పడిన చప్పుడైంది. సూది ఒక్కసారి గుచ్చుతుంది, ఆ గది రోజూ ఉంటుంది. కళ్లు గట్టిగా మూసుకుని, చెయ్యి చాచుకుంటూ బయటికొచ్చాను.

"నాకు సూది పొడిసీయండి బాబూ. తాళం మాత్రం ఎయ్యొద్దు."

"సూదేమిటమ్మా?" అన్నాడాయన వెర్రిమొహం వేసుకుని.

తలుపు వెనకనుంచి ఆయమ్మ తల బయటపెట్టింది. "సూదులు కాదేటి? ఆ ముక్క ముందే సెప్పాలి గదా బాబూ! ఉప్మా మాడిపోనాది!"

ఆయన నవ్వేశాడు. గోనెల కిందినుంచీ, అరుగు కిందినుంచీ పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. బాల్వాడీ నిలిచింది.

ఆ గది ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు. ఆయమ్మ లేదు, నూక ఉప్మా లేదు. తరవాత వచ్చిన అంగన్‌వాడీకి నిన్నే చివరిరోజు; మిగిలిన పిండి తల్లులకు పంచేశారు.

"పట్టాల అవతల దాన్లో కలిపీసినారు పిన్నీ," అంది లక్ష్మి పిండి కలియబెడుతూ, కొంగు పట్టుకు నిలబడ్డ కూతుర్ని చూసి. "నాను డ్యూటీకెల్తే గుంటని పట్టాలు దాటించీదెవులు?"

నేనూ పనికి పోయేదాన్నే కాబట్టి పిల్లని చూడమని నన్ను అడగలేదు. ఈ ఉదయం బయల్దేరబోతుంటే ఎదురింటికి తాళం వేసి ఉంది. గూడ్సు బండి వస్తోంది. తలుపుకు చెవి ఆనించాను. లోపల చిన్న గొంతు వణుకుతూ పెట్టెలు లెక్కపెడుతోంది. మధ్యలో తడబడి ఆగిపోయింది.

తర్వాతి అంకె నేను బయటినుంచి గట్టిగా చెప్పాను.