లబేజా గొంతు ఆగిన ఆట

మా కిట్గుమ్ ఊరి బజారులో నా వీడియో హాలుకి జనం వచ్చేది లబేజా కోసమే. తెర పక్కన స్టూలేసుకుని, మైకు పట్టుకుని, ఇంగ్లీషు సినిమాలో హీరోకీ, విలన్‌కీ, ముసలమ్మకీ తనొక్కడే మా అచోలీ భాషలో మాటలు చెప్పేవాడు. కడుపుబ్బ నవ్వించేవాడు.

ఆ శనివారం అద్దెకు తెచ్చిన సినిమా తుపాకులు పట్టిన పిల్లల కథ. అట్ట మీద బొమ్మ చూడగానే వాడి మొహం మాడిపోయింది.

"లాయెత్ అక్కా, ఇది వద్దు. కరాటే సినిమా ఏదైనా వెయ్యి."

"బోర్డు రాసేశాను రా. బయట జనం చూడు."

"అయితే మాటలు నువ్వే చెప్పుకో."

"నా గొంతు వింటే మేకలు కూడా లేచిపోతాయి."

వాడు నవ్వకుండానే మైకు అందుకున్నాడు.

పదకొండేళ్ళప్పుడు తిరుగుబాటుదార్లు వాణ్ణి అడవికి ఎత్తుకుపోయారు. మూడేళ్ళకి తప్పించుకొచ్చాడు. మా ఊళ్ళో అలాంటివాళ్ళు బోలెడుమంది. అక్కడేం చేశావని ఎవరమూ ఎవర్నీ అడగం.

ఎండుచేపలమ్మే లామును అనే ఆవిడ మాత్రం ఒకసారి అడిగింది. ఆమె కొడుకు ఒర్యెమ్‌నీ అదే రోజు ఎత్తుకుపోయారు. వాడు తిరిగి రాలేదు. "వాణ్ణి వేరే గుంపులో వేశారమ్మా, నాకు తెలీదు" అన్నాడు లబేజా. ఆమె నమ్మింది. ప్రతి శనివారం మూడో వరసలో కూచుని వాడి జోకులకి పగలబడి నవ్వేది. ఆ రోజూ అక్కడే ఉంది.

ఆట మొదలైంది. లబేజా మైకు చేయి మార్చి అరచేతిని చొక్కాకి తుడుచుకుంటున్నాడు, మళ్ళీ తుడుచుకుంటున్నాడు. తెర మీద నాయకుడు ఒక పిల్లాడి చేతికి దుడ్డుకర్ర ఇచ్చి, పారిపోబోయిన ఇంకో పిల్లాణ్ణి చూపించాడు. కర్ర పట్టుకున్నవాడు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

మైకులో మాట ఆగిపోయింది. బొమ్మలు మూగగా కదులుతున్నాయి.

"లబేజా, నిద్రపోయావా?" ఎవరో కేకేశారు.

"నేను ఏడవలేదు," అన్నాడు మైకులోనే. "ఒర్యెమ్ నీళ్ళడిగాడు. ఇవ్వలేదు. కొట్టాను. కింద పడింది నేను కాదు కదా అని సంతోషపడ్డాను."

నేను కంగారుగా కరెంటు తీసేశాను. తలుపులు తెరిచాక, "పదకొండేళ్ళ పిల్లాడు, వాడేం చేస్తాడు?" అన్నాడొకాయన.

"అందరూ అదే అంటారు. ఆ మాట ఆవిణ్ణి అననీ," అన్నాడు లబేజా.

లామును లేచి నిలబడింది. కొడుతుందేమోనని నేను ఇద్దరి మధ్యకీ నడిచాను.

"ఎక్కడ?" అంది.

"అస్వా నది దాటాక, రాళ్ళ గుట్ట దగ్గర."

"సోమవారం చూపించు. క్షమించానని మాత్రం అనుకోకు."

పెద్దల్ని వెంటబెట్టుకుని వెళ్ళాం. గుట్ట చుట్టూ ఇప్పుడు నువ్వుల చేలు. పొద్దు వాలేదాకా తవ్వినా ఎముక దొరకలేదు. లామును గుప్పెడు మట్టి కొంగున కట్టుకుంది.

రెండు వంశాల పెద్దలూ రాజీ మాటలు మొదలుపెట్టారు. మా ఆచారం ప్రకారం చేదువేరు కలిపిన కల్లు లబేజా, ఆమె ఒకే సొరకాయ బుర్రలో తాగితే పగ తీరినట్టు. ఆమె ఇంకా ఊ అనలేదు, ఉహూ అనలేదు. హాలుకీ రావడం లేదు.

లబేజా మాత్రం ప్రతి ఆటకి ముందు నా దగ్గరికొచ్చి, "ఆవిడొచ్చిందా?" అని అడుగుతాడు. రాలేదంటే వెళ్ళి మైకు పట్టుకుంటాడు. వచ్చిందని చెప్పాల్సిన రోజు వాడేమైపోతాడోనని నా బెంగ.