పెద్దబాపు పావురాలను పిలవలేదు

పోయిన నెల ఖానాపూర్‌లో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు, బస్టాండ్ దగ్గర ఆటో ఎక్కి మా పెద్దబాపు ఉండే గల్లీకి తీసుకెళ్లమన్నాను. ఆటో అతను ఒక్క క్షణం ఆలోచించి, "గా పావురాల దొంగ ఇంటి పక్కపొంటి గల్లీయేనా సార్?" అన్నాడు. అతనికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఆ మాటలో కోపం లేదు, ఎగతాళీ లేదు. పోస్టాఫీసు అన్నంత మామూలుగా అన్నాడు. పెద్దబాపు మీద నేనన్న ఒక్క మాట ఊళ్లో చిరునామా అయి కూర్చుంది. తిరిగొచ్చి ఇదంతా రాస్తానంటే నా భార్య, "అందరు మరిచిపోయిన్రు, నువ్వెందుకు కెలుకుతున్నవ్?" అంది. ఎవరూ మరిచిపోలేదు. ఆటో అతనికి కూడా తెలుసు. కాబట్టి రాస్తాను, మా వాళ్లలో ఎవరికి నచ్చకపోయినా సరే.

అది కాగజ్‌నగర్‌లో నేను పనిచేసే కాగితం మిల్లు మూతపడిన మరుసటి ఏడు. నాకు చేతినిండా పని లేదు, నోటినిండా కోపం మాత్రం ఉంది. మా బాపుకు అన్న అయిన పెద్దబాపుది ఖానాపూర్‌లో వ్యవసాయం. మక్కచేను, డాబా మీద పావురాల గూడు, ఆదివారం పొద్దున్నే చర్చి తలుపు తీసే పని, ఇదీ ఆయన లోకం. చర్చి తాళంచెవి ఎప్పుడూ ఆయన చొక్కా జేబులోనే ఉండేది. నా వాలకం చూసి రెండు జతల పావురాలు ఇచ్చాడు. ఎంత దూరం తీసుకెళ్లి వదిలినా ఇంటికి తిరిగొచ్చే రకం. బుట్ట మూతకు తాడు కడుతూ, "ఇవి నా ఇంటికి మరిగినయ్ కొడుకా, సచ్చేదాంక మర్సిపోవు. గూట్లకెళ్లి ఇడువకు. గుడ్లు పెట్టనియ్, పొదగనియ్. నీ ఇంట్ల పుట్టిన పిల్లలే నీ పావురాలు, ఇవి కావు" అన్నాడు. నేను తలూపాను. ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా తలూపేవాణ్ని. బస్సులో పక్క సీటు అవ్వ బుట్టలోకి తొంగి చూసి, "కూరకా?" అని అడిగింది. పెంచుకోవడానికి అంటే దిగేదాకా నమ్మలేదు.

పాత చెక్కపెట్టెలతో గూడు కట్టి ముందు ఇనుప తీగల జాలి బిగించాను. మొదటి వారం అన్నం మెతుకులు పెట్టాను. రెట్టలు నీళ్లయ్యేసరికి భయపడి ఫోన్ చేస్తే పెద్దబాపు, "అన్నమెందుకురా, అవేమన్న సుట్టాలా? మక్కలు, జొన్నలు, పెసర్లు కలిపి పెట్టు" అని తిట్టాడు. ఇటుక పొడి, దంచిన గుడ్డు పెంకులు ఒక గిన్నెలో పెట్టమన్నదీ ఆయనే. రేకు పళ్లెంలో నీళ్లు పోస్తే అవి మునిగి రెక్కలు విదిలించేవి, నా చొక్కా తడిసేది. నెలన్నర తిరిగేసరికి అరచేతిలోంచి గింజలు తినడం మొదలుపెట్టాయి. ముక్కు తగిలితే చక్కిలిగింతగా ఉండేది. ఇక ఇవి నావే అనుకున్నాను. మేత పెట్టిన చెయ్యే వాటికి ఇల్లవుతుందనుకున్నాను.

ఒక ఆదివారం పొద్దున మిల్లు దోస్తులు నలుగురిని డాబా మీదికి పిలిచి, చాయ్ పోయించి, వాళ్ల ముందు గర్వంగా జాలి తీశాను. నాలుగూ పైకి లేచి రెండు చుట్లు తిరిగాయి. తర్వాత గీత గీసినట్టు పడమటికి సాగిపోయాయి. ఎంతసేపు చూసినా తిరిగి రాలేదు. "మన మిల్లే వాపస్ రాలే, గివొస్తయా?" అని ఒకడు అంటే మిగతా వాళ్లు పడీపడీ నవ్వారు. మధ్యాహ్నం వాళ్లు వెళ్లబోతుండగా పెద్దబాపు ఫోన్. "నాలుగూ వచ్చినయ్ కొడుకా. ఫికర్ చెయ్యకు, రేపు నేనే పట్టుకొస్త." దొంగ ఎవడైనా ఇలా ఫోన్ చేస్తాడా? నేను ఫోన్ పెట్టేసి దోస్తుల వైపు తిరిగి, "ఇచ్చినట్టే ఇచ్చి ఈలేసి పిలుచుకుండు ముసలోడు" అన్నాను. నవ్వు నా మీది నుంచి ఆయన మీదికి మళ్లింది. నాకు కావలసిందీ అదే.

మర్నాడు అన్నట్టే ఆయన బుట్టతో బస్సు దిగాడు. రెక్కలు విరగలేదు కదా అని ఒక్కోదాన్ని పట్టి చూపించి, గూట్లో వదిలి, తనే జాలి బిగించి వెళ్లిపోయాడు. పది రోజుల తర్వాత ఖానాపూర్‌లో చుట్టాల ఇంట్లో భోజనాల దగ్గర, చర్చి పెద్దలు కూడా బంతిలో కూర్చుని ఉండగా, ఆ ఈల కథ మళ్లీ చెప్పాను. ఆయన తెచ్చిచ్చిన సంగతి మాత్రం చెప్పలేదు. నెల తిరగకముందే పావురాల దొంగ అన్న పేరు ఊరంతా పాకింది, చర్చి పెద్దలు తాళంచెవి అడిగి తీసుకున్నారు. ఎందుకని కూడా అడగకుండా జేబులోంచి తీసి ఇచ్చాడట.

తర్వాత నా గూట్లో గుడ్లు పడ్డాయి, పిల్లలయ్యాయి. వాటిని మొదటిసారి వదిలిన రోజు దోస్తులెవరినీ పిలవలేదు. మిల్లు పొగగొట్టం దాకా వెళ్లి, తిరిగొచ్చి మా డాబా మీదే వాలాయి. ఆయన చెప్పిన ప్రతి మాటా నిజమని ఆ పూటే తేలిపోయింది. ఫోన్ చేతిలోనే ఉంది. చెయ్యలేదు. ఆయన దొంగ కాకపోతే నేను తెలివితక్కువ వాణ్నని ఒప్పుకోవాలి. ఆయన దొంగగా ఉండటమే నాకు సులువనిపించింది.

రాసే ముందు చెప్పాల్సిన చోట చెప్పాలని, పోయిన ఆదివారం ఖానాపూర్ చర్చిలో ఎవరి సంగతి వాళ్లు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి నిలబడి అంతా చెప్పాను. ఒక పెద్దమనిషి, "పాత ముచ్చట, ఇడిసిపెట్టు తమ్మీ" అన్నాడు. "తాళంచెవి అడిగిన నాడు పాతది కాదు గదా పటేలా" అన్నాను. పూర్తయ్యేదాకా కూర్చోలేదు. ప్రార్థన అయ్యాక బయటికొస్తే, అంతా విని చేతికర్ర పట్టుకుని నిలబడ్డ పెద్దబాపు నన్ను కిందికీ మీదికీ చూసి, "పావురాలకు ఒక్క పూట పట్టింది. నీకు గిన్నేండ్లారా?" అన్నాడు. అంతలో చర్చి పెద్దలు తాళంచెవి తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. ఆయన దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేశాడు. చర్చి తలుపుకున్న ఆ పెద్ద గడియను ఈ వయసులో ఆయన ఎత్తలేడు. ఎత్తగలిగిన ఆదివారాలన్నీ వేరే వాళ్లు తలుపు తీస్తుంటే బయట నిలబడి చూశాడు. ఆ ఏళ్లను కాలం తీసుకుపోయిందని రాసి తప్పించుకోను. అవి నేను తీసుకున్న ఏళ్లు.